రీఫండ్ ఎక్కువ వచ్చిందా? లెక్క తేల్చుకుని, సరైన చోటికి తిరిగి పంపే పద్ధతి

వెనక్కి ఇచ్చిన చీరకు డబ్బు రెండుసార్లు పడింది. బస్సు టికెట్ రద్దు చేస్తే కోత లేకుండా మొత్తం వచ్చేసింది. ఫెయిలైన పేమెంటుకు కొట్టు ఆయనా ఇచ్చాడు, బ్యాంకూ ఇచ్చింది. ఇలాంటప్పుడు "ఉంచుకోవచ్చా?" అని అడిగేవాళ్లే ఎక్కువ.

నిజంగా పొరపాటున వచ్చిందైతే ఉంచుకోకూడదు, తిరిగి ఇచ్చేయాలి. అలాగని ఫోన్ చేసి అడిగినవాడికల్లా ఇచ్చేయకూడదు. మంచితనంతో తిరిగి పంపబోయి సొంత డబ్బు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. అందుకే పంపాలా వద్దా అన్న చర్చ కంటే, ఎవరికి, ఏ దారిలో, ఏ రుజువుతో పంపాలన్న దానికే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

1. డబ్బు పడగానే చేయాల్సినవి

తొందర వద్దు. నిజమైన కంపెనీ ఏదీ పది నిమిషాల్లో డబ్బు వెనక్కి రావాలని మీ ప్రాణం తీయదు. వాళ్ల అకౌంట్స్ వాళ్లకు ఈ తేడా కనబడటానికే ఒక్కోసారి నెలాఖరు లెక్కల దాకా పడుతుంది.

- ఆ మొత్తాన్ని వచ్చిన ఖాతాలోనే ఉంచండి. ఆటోపేలు, ఈఎంఐలు అదే ఖాతా నుంచి పోతుంటే బ్యాలెన్సు అంతకంటే తగ్గకుండా చూసుకోండి.
- తేదీ, సమయం, మొత్తం, పంపినవారి పేరు, రిఫరెన్సు నంబరు రాసి పెట్టుకోండి.
- ఎవరు పంపిన లింకూ నొక్కకండి. ఎవరు చెప్పినా స్క్రీన్ షేర్ యాప్ వేసుకోకండి.
- ఇంట్లో ఇంకెవరైనా ఆ ఖాతా వాడుతుంటే వాళ్లకూ చెప్పండి. "నాన్నా, ఏదో కంపెనీ వాళ్లు ఫోన్ చేస్తే నేనే పంపేశా" అన్న మాట తర్వాత వినాల్సి రాకూడదు.

2. డబ్బు నిజంగా పడిందో లేదో చూడటం

ఇది చూడకుండా మిగతా ఏ అడుగూ వేయకండి. మెసేజ్ వచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు.

ఈ మోసం ఎలా నడుస్తుందో చూడండి. మీ ఫోనుకు "మీ ఖాతాలో రూ. 20,000 జమ అయ్యాయి" అని ఒక మెసేజ్ వస్తుంది. చూడటానికి బ్యాంకు మెసేజ్ లాగే ఉంటుంది, కానీ పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి వస్తుంది. రెండు నిమిషాలకు ఫోన్: "సార్, మీకు రెండు వేలు రీఫండ్ వేయబోయి ఒక సున్నా ఎక్కువ కొట్టేశాను. నా ఉద్యోగం పోతుంది సార్, మిగతా పద్దెనిమిది వేలు వెనక్కి వేయండి." గొంతులో ఏడుపు. మీరు జాలిపడి పంపుతారు. అసలు మీ ఖాతాలోకి పైసా రాలేదు.

కాబట్టి బ్యాంకు యాప్ మీరే తెరిచి చూడండి. స్టేట్‌మెంట్‌లో ఆ వరుస ఉండాలి, బ్యాలెన్సు పెరిగి ఉండాలి. యాప్ లేకపోతే పాస్‌బుక్ వేయించండి, లేదా ఏటీఎంలో మినీ స్టేట్‌మెంట్ తీసుకోండి. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి మాత్రం కనుక్కోకండి.

"రీఫండ్ రావాలంటే పిన్ కొట్టండి, క్యూఆర్ స్కాన్ చేయండి" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు వెళ్తోందన్నమాట.

ఇంకో రకం ఇంతకంటే ప్రమాదం. డబ్బు నిజంగానే పడుతుంది. కానీ అది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన సొమ్ము. మీకు పంపి, "పొరపాటున వచ్చింది, ఈ వేరే ఖాతాకు వేయండి" అంటారు. మీరు వేస్తే దొంగసొమ్మును ముందుకు నెట్టిన మధ్యవర్తి మీరవుతారు. ఆ బాధితుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తే సొమ్ము నడిచిన ఖాతాలన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి. మీ ఖాతాలో డబ్బు నిలిపేస్తారు. అందుకే వచ్చిన చోటికి తప్ప మూడో ఖాతాకు ఎప్పుడూ పంపకూడదు. ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

3. ఎంత రావాలి, ఎంత వచ్చింది?

డబ్బు పడిందని తేలాక కాగితం తీసుకోండి. చాలామంది ఇక్కడ కళ్లతో అంచనా వేసి "ఎక్కువొచ్చింది" అనుకుంటారు. లెక్కేస్తే సరిగ్గానే ఉంటుంది. దీనికి తిరగబడి కూడా జరుగుతుంది.

ఒక ఆర్డరు చూద్దాం. రెండు చీరలు, ఒకటి రూ. 2,400, ఇంకొకటి రూ. 1,650. మొత్తం 4,050. పది శాతం కూపన్ పోతే 3,645. డెలివరీ 60 కలిపి మీరు కట్టింది రూ. 3,705. రంగు నచ్చక 1,650 చీర వెనక్కి ఇచ్చారు.

కూపన్ తగ్గింపు రెండు చీరలకూ వాటి ధరను బట్టి పంచితే, ఆ చీరకు మీరు నిజంగా కట్టింది 1,485. రావాల్సింది కూడా అంతే. ఇప్పుడు ఖాతాలో ఏం పడిందో చూడండి:

- 1,650 పడితే కూపన్ సంగతి మరిచారు. 165 ఎక్కువ.
- 1,485 రెండుసార్లు పడితే ఒకటి మీది, ఒకటి వాళ్లది.
- 3,645 పడితే రెండు చీరలూ వెనక్కి ఇచ్చినట్టు లెక్కేశారు. 2,160 ఎక్కువ.
- 1,245 పడితే తక్కువ వచ్చిందని గొడవకు దిగకముందు కూపన్ షరతు చదవండి. కనీసం మూడు వేలకు కొంటేనే అన్న షరతు ఉంటే, కొన్ని కంపెనీలు ఉంచుకున్న చీరకు పూర్తి ధర 2,400 పట్టుకుని మిగతాదే ఇస్తాయి.

లెక్క వేసేటప్పుడు బ్యాంకు ఖాతా ఒక్కటే చూస్తే సరిపోదు. రీఫండు ముక్కలై వస్తుంది. కొంత కార్డుకు, కొంత ఆ యాప్ వాలెట్‌కు, కొంత గిఫ్ట్ కార్డుకు, పాయింట్లు పాయింట్లుగా. ఆర్డరు పేజీలో "రీఫండ్ వివరాలు" దగ్గర ఎంత ఎక్కడికి వెళ్లిందో ఉంటుంది. దాన్నీ స్టేట్‌మెంట్‌నూ పక్కపక్కన పెట్టుకుని టిక్కు కొట్టండి.

ఎక్కువ రావడానికి మామూలు కారణాలు కొన్నే. ఇద్దరు ఉద్యోగులు ఒకే ఫిర్యాదుకు చెరొక రీఫండు నొక్కడం. వస్తువు మార్చి పంపుతూనే డబ్బూ వేసేయడం. రద్దయిన ఆర్డరు అప్పటికే బండెక్కి మీ ఇంటికి చేరడం. ఇక మీరు బ్యాంకులోనూ కంపెనీలోనూ ఒకేసారి ఫిర్యాదు చేస్తే ఇద్దరూ ఇవ్వడం. ఈ చివరిది వేరే పద్ధతిలో తేల్చాలి, ఏడో భాగంలో చెప్తాను.

4. పొరపాటులా కనిపించినా పొరపాటు కానివి

ఇవి ముందే తీసేయండి, లేకపోతే మీకు రావాల్సిన డబ్బు మీరే వెనక్కి ఇచ్చేస్తారు.

"వస్తువు మీరే ఉంచుకోండి" అన్న రీఫండు. తక్కువ ధర వస్తువులకు తిరిగి తెప్పించుకునే ఖర్చే ఎక్కువని కంపెనీలు ఇలా చేస్తాయి. చాట్‌లోనో మెయిల్‌లోనో ఆ మాట రాసి ఉంటే అది మీదే. స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

రోజుకు వంద రూపాయల పరిహారం. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు ఆదేశం ప్రకారం, దుకాణానికి యూపీఐలో కట్టిన డబ్బు మీ ఖాతాలో కోత పడి అక్కడికి చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు రూ. 100 పరిహారం. వ్యక్తికి పంపినదైతే గడువు ఒక్క రోజే. కాబట్టి 850 పోయి 1,150 వస్తే కంగారు పడక్కర్లేదు, మూడు రోజుల ఆలస్యానికి పరిహారం అయి ఉండొచ్చు.

బ్యాంకు ఇచ్చే తాత్కాలిక జమ. మీకు తెలియకుండా ఖాతాలోంచి డబ్బు పోయిందని ఫిర్యాదు చేస్తే, 2017 నిబంధనల ప్రకారం బ్యాంకు పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో విషయం తేల్చాలి. ఇది పొరపాటు కాదు, అలాగని ఇంకా పూర్తిగా మీదీ కాదు. తేలేవరకు ముట్టుకోకుండా ఉంచడమే.

ఈఎంఐ మీద కొన్నదానికి వచ్చిన రీఫండు. దీని దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. ఫోను ఈఎంఐలో కొని వెనక్కి ఇచ్చారు. కంపెనీ మొత్తం ధర కార్డుకు వేసింది. వచ్చే నెల బిల్లు చూస్తే ఈఎంఐ ఆగలేదు, కార్డులో పెద్ద జమ ఉంది. "ఎక్కువ వేశారు" అనుకోకండి. ఆ జమ అప్పు తీర్చడానికి వచ్చింది. ఈఎంఐని రద్దు చేయమని బ్యాంకుకు మీరు విడిగా చెప్పాలి. చెప్పకపోతే వడ్డీ, దాని మీద జీఎస్టీ నడుస్తూనే ఉంటాయి.

5. చట్టం ఏమంటోంది?

భారత ఒప్పందాల చట్టం, 1872లో సెక్షన్ 72 ఉంది. పొరపాటున గానీ బలవంతం మీద గానీ ఎవరికైనా డబ్బు చెల్లించినా, వస్తువు ఇచ్చినా, పుచ్చుకున్నవాళ్లు తిరిగి ఇవ్వాలి. చట్టంలో ఇచ్చిన ఉదాహరణే రెండుసార్లు చెల్లింపు గురించి: ఇద్దరు కలిసి ఒకాయనకు వంద రూపాయలు బాకీ. ఒకడు తీర్చేశాడు. ఆ సంగతి తెలియక రెండోవాడూ తీర్చాడు. రెండో వంద వెనక్కి ఇవ్వాల్సిందే. నూటయాభై ఏళ్ల నాటి ఆ వంద స్థానంలో మీ 1,485 పెట్టుకుని చదవండి.

"తప్పు వాళ్లది కదా" అన్న వాదన ఇక్కడ నిలవదు. వాళ్ల అజాగ్రత్త మీకు హక్కు ఇవ్వదు.

డబ్బు పొరపాటున వచ్చి మీ ఖాతాలో ఉన్నంత మాత్రాన నేరం కాదు. అది మీది కాదని తెలిసి కూడా దురుద్దేశంతో వాడేసుకుంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 314 కిందికి రావచ్చు. దానికి ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. వెయ్యి రూపాయల రీఫండుకు పోలీసులు ఇంటికొస్తారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. "ఉంచుకుంటా, ఏం చేసుకుంటారో చేసుకోండి" అని చాట్‌లో రాసి పెట్టే వీరులకు ఈ సంగతి తెలియాలి.

వసూలు కోసం దావా వేయడానికి కంపెనీకి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. పొరపాటు కేసుల్లో ఆ గడువు పొరపాటు బయటపడిన నాటి నుంచి, లేదా కాస్త శ్రద్ధగా చూస్తే బయటపడగలిగిన నాటి నుంచి లెక్క. ఏడాది గడిచింది కదా ఇక అడగరులే అనుకోవడం సరికాదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక ముక్క. బ్రిటన్‌లో తప్పుగా జమైన డబ్బును తెలిసీ దురుద్దేశంతో ఉంచుకోవడం 1968 దొంగతనాల చట్టం కింద నేరం కావచ్చు. అమెరికాలో "ఆర్డర్ చేయకుండా వచ్చిన వస్తువు ఉంచుకోవచ్చు" అన్న నియమాన్ని మనవాళ్లు రీఫండు డబ్బుకు కూడా అంటగడుతుంటారు. ఆ నియమం అడగకుండా పంపి బిల్లు వేసే వ్యాపారుల నుంచి కాపాడటానికి పెట్టింది, రీఫండు డబ్బు గురించి కాదు.

6. రుజువులు ఒక్కచోట పెట్టడం

ఫోన్ చేయకముందే ఇవి సిద్ధంగా ఉంటే ఒక్క మెయిల్‌తో పని తేలుతుంది.

- ఆర్డరు నంబరు, బిల్లు
- మీరు కట్టినప్పటి లావాదేవీ వివరం
- రీఫండ్ పడిన ప్రతి వరుసా కనిపించే స్టేట్‌మెంట్ పీడీఎఫ్ (స్క్రీన్‌షాట్ కంటే ఇది గట్టిది)
- రిఫరెన్సు నంబరు. యూపీఐకి 12 అంకెలు, నెఫ్ట్‌కు 16 అక్షరాలు, కార్డు రీఫండుకు ఏఆర్ఎన్ అనే 23 అంకెల నంబరు ఉంటుంది
- మీ లెక్క, రెండు మూడు వరుసల్లో

స్టేట్‌మెంట్ పంపేటప్పుడు మిగతా లావాదేవీలు, బ్యాలెన్సు, ఖాతా నంబరులో చివరి నాలుగు తప్ప మిగతా అంకెలు కనబడకుండా కొట్టేయండి. మీ జీతమెంతో కస్టమర్ కేర్ వాళ్లకు అక్కర్లేదు.

7. కంపెనీకి చెప్పడం

కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకొద్దు. పైన కనబడే నంబర్లలో మోసగాళ్లవి కలిసిపోయి ఉంటాయి. ఆ కంపెనీ యాప్‌లోని సహాయం విభాగం నుంచో, మీ బిల్లు మీద అచ్చయిన మెయిల్‌కో చెప్పండి.

ఫోన్ కంటే రాత మేలు. ఫోన్‌లో మాట్లాడినా, తర్వాత అదే విషయం మెయిల్ పెట్టండి. ఇలా రాస్తే చాలు:

> నమస్కారం. ఆర్డరు నంబరు ______కు సంబంధించి నాకు రావాల్సిన రీఫండు రూ. 1,485. అది ___ తేదీన వచ్చింది. అదే మొత్తం ___ తేదీన మళ్లీ జమ అయింది (రిఫరెన్సు ______). రెండోది పొరపాటున వచ్చిందని అనుకుంటున్నాను. మీ రికార్డుల్లో చూసి నిర్ధారించండి. పొరపాటే అయితే దాన్ని మీరే వెనక్కి తీసుకునే వీలుందా, లేక నేను పంపాలా, పంపితే కంపెనీ పేరున ఉన్న ఏ ఖాతాకు పంపాలో ఈ మెయిల్‌కే జవాబుగా తెలియజేయండి. అందిన తర్వాత రసీదు ఇవ్వగలరు.

"అనుకుంటున్నాను" అన్న మాట కావాలనే పెట్టాను. వాళ్ల వైపు లెక్క చూడకుండా మీరే ఒప్పుకోవాల్సిన పని లేదు. ఒక్కోసారి వాళ్లు చూసి "రెండోది వేరే ఆర్డరుది" అంటారు, కథ అక్కడితో అయిపోతుంది.

బ్యాంకు, కంపెనీ ఇద్దరూ ఇచ్చినప్పుడు ఎవరి డబ్బు ఎవరికి పంపాలో తికమక పడతారు. మీరు బ్యాంకులో వేసిన ఫిర్యాదు వల్ల బ్యాంకు జమ చేసి, కంపెనీ కూడా నేరుగా ఇచ్చి ఉంటే, బ్యాంకుకు "వ్యాపారి నుంచి నాకు అందింది, ఫిర్యాదు మూసేయండి" అని రాయండి. బ్యాంకు తన జమను తానే వెనక్కి తీసుకుంటుంది. కంపెనీకి విడిగా పంపకండి. పంపితే, తర్వాత బ్యాంకు కూడా తీసుకుంటే మీకు సున్నా మిగులుతుంది.

అసలు మీ పేమెంటు వ్యాపారికి చేరనే లేదు, బ్యాంకు దానంతటదే వెనక్కి వేసింది, ఆ సంగతి తెలియక వ్యాపారి కూడా ఇచ్చాడు అనుకోండి. అప్పుడు వ్యాపారి ఇచ్చింది ఆయన జేబులో డబ్బు. ఆయనకే పంపాలి.

8. తిరిగి పంపే దారులు, ఏది ముందు

మొదట కంపెనీనే వెనక్కి తీసుకోమనండి. యాప్ వాలెట్‌లో పడితే వాళ్లే తీసేయగలరు. వచ్చే రీఫండులో సర్దుకుంటామంటే, ఎంత, ఏ ఆర్డరులో అని రాతలో తీసుకోండి. బ్యాంకు ఖాతాకో కార్డుకో చేరిపోయిన రీఫండును మాత్రం వ్యాపారి మామూలుగా తనంతట తాను లాక్కోలేడు, మీరు పంపాల్సిందే.

రెండోది, వాళ్ల యాప్‌లోనే మీ ఆర్డరు కింద కనిపించే చెల్లింపు. లింకు ఎస్సెమ్మెస్‌లో వస్తే నొక్కొద్దు. యాప్ తెరిచి అక్కడ అదే మొత్తం చూపిస్తోందో లేదో చూడండి.

మూడోది, కంపెనీ పేరున ఉన్న ఖాతాకు నెఫ్ట్. ఖాతా వివరాలు అధికారిక మెయిల్ నుంచే రావాలి. 2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లో డబ్బు పంపేముందు ఆ ఖాతా ఎవరి పేరున ఉందో చూసుకునే వీలు వచ్చింది. అక్కడ బిల్లు మీద ఉన్న సంస్థ పేరు రావాలి. ఎవరో వ్యక్తి పేరు వస్తే ఆగిపోండి. "మా అకౌంటెంట్ సొంత ఖాతా అండీ, త్వరగా అవుతుందని" అన్నా సరే.

పంపేముందు ఈ ఐదూ సరిచూసుకోండి:

1. పొరపాటని కంపెనీ రాతలో ఒప్పుకుందా?
2. ఖాతా పేరు, బిల్లు మీద పేరు ఒక్కటేనా?
3. మొత్తం సరిగ్గా ఎక్కువ వచ్చినంతేనా? (ప్రాసెసింగ్ ఫీజు, జరిమానా అని కలిపితే ఒప్పుకోకండి.)
4. రిమార్కుల్లో ఆర్డరు నంబరు, "పొరపాటు రీఫండు వాపసు" అని రాశారా?
5. వస్తువు కూడా మీ దగ్గరే ఉండిపోతే, దాన్ని తీసుకెళ్లే ఖర్చు వాళ్లదేనని అడిగారా?

వెళ్లాక రసీదు తెప్పించుకోండి. "అందింది, మీవైపు బాకీ ఏమీ లేదు" అన్న ఒక్క వాక్యం చాలు. ఆర్నెల్ల తర్వాత కొత్తగా చేరినవాడు అదే తేడా పట్టుకుని మీకు ఫోన్ చేస్తే పనికొస్తుంది.

9. కొట్టు, ఆసుపత్రి, బస్సు: చోటును బట్టి తేడాలు

వీధి చివర కిరాణా, టిఫిన్ సెంటర్. ఇక్కడ మెయిళ్లు అక్కర్లేదు. వెళ్లి ఫోన్లో చూపించండి: "అన్నా, నిన్న పేమెంటు ఫెయిలైందని మూడు వందల నలభై మళ్లీ వేశారు కదా, బ్యాంకు కూడా వేసింది. ఒకసారి చూసుకోండి." ఓనరు లేనప్పుడు కౌంటరులో కుర్రాడి చేతికి నగదు ఇచ్చి రాకండి. అక్కడి క్యూఆర్‌కే వేయండి, ఓనరుకు ఒక మాట చెప్పండి. గల్లా లెక్కలో తేడా వస్తే చాలా చోట్ల ఆ కుర్రాడి జీతంలోనే కోస్తారు. పెద్ద కంపెనీకి మీ 340 ఒక వరుస, వాడికి అది ఒక పూట కూలి. ఆలస్యం చేయకూడనిది ఇక్కడే.

ఆసుపత్రి, ల్యాబ్. ఇన్సూరెన్సు ఉంటే జాగ్రత్త. అడ్మిషన్ అప్పుడు కట్టిన డిపాజిట్ వాపసు, క్లెయిమ్ డబ్బు రెండూ వేర్వేరు. బిల్లింగ్ కౌంటరులో తుది బిల్లు పెట్టించుకుని, డిపాజిట్ ఎంత, ఇన్సూరెన్సు ఎంత ఇచ్చింది, మీరెంత కట్టారు అని వాళ్లతోనే లెక్క రాయించండి. ఎక్కువ వచ్చింది ఇన్సూరెన్సు నుంచైతే తిరిగి ఇవ్వాల్సింది ఆ సంస్థకు, ఆసుపత్రికి కాదు.

బస్సు టికెట్లు. ఏజెంటు యాప్‌లో కొంటే డబ్బు యాప్‌కు కట్టారు, బస్సు ఆపరేటరుకు కాదు. ఆపరేటరు ఫోన్ చేసి నాకు పంపమంటే, యాప్ వాళ్లతో మాట్లాడమనండి.

స్కూలు, కాలేజీ ఫీజు. నగదు వద్దే వద్దు. రసీదు పుస్తకంలో ఎక్కేలా ఆఫీసులో కట్టండి.

10. చెప్పినా పలక్కపోతే

ఇది తరచూ జరిగేదే. "మీ ఫిర్యాదు మూసివేశాం" అని యంత్రం జవాబిస్తుంది. రీఫండు రాలేదన్న ఫిర్యాదుకు వాళ్ల దగ్గర పది మీటలుంటాయి, ఎక్కువొచ్చిందన్న దానికి ఒక్కటీ ఉండదు.

వారం ఆగి అదే మెయిల్ వరుసలో గుర్తు చేయండి. ఈసారి వాళ్ల వెబ్‌సైట్లో ఉండే ఫిర్యాదుల అధికారికి కూడా పెట్టండి. ఈ-కామర్స్ సంస్థలు అలాంటి అధికారి పేరు, వివరాలు చూపించాలని 2020 వినియోగదారుల నిబంధనల్లో ఉంది. అప్పటికీ పలక్కపోతే వెంటపడాల్సిన పని లేదు. డబ్బు పక్కన ఉంచండి, మెయిళ్లు దాచండి, అడిగిన రోజు ఇచ్చేయండి. మీరు చెప్పారన్న రుజువు ఉన్నాక దురుద్దేశం అన్న మాటకే చోటుండదు.

పదిహేను, ఇరవై రూపాయల తేడా అయితే? ఒక్కసారి చాట్‌లో చెప్పి వదిలేయండి. దానికి మూడు మెయిళ్లు, ఒక నెఫ్ట్ చేయడం వాళ్లకూ తలనొప్పే.

కంపెనీ "ఫర్వాలేదు, ఉంచుకోండి" అంటే ఆ మాట ఫోన్‌లో కాకుండా రాతలో తీసుకోండి. కాల్ సెంటరులో ఒకరు ఉదారంగా అన్నది అకౌంట్స్ విభాగానికి తెలియదు.

11. ఇలా జరిగితే ఇలా సర్దుకోండి

తెలియక ఖర్చయిపోయింది. దాచొద్దు. ఎంత మిగిలిందో, మిగతాది ఎన్ని విడతల్లో ఇవ్వగలరో రాసి అడగండి. రెండు మూడు వాయిదాలకు చాలా సంస్థలు ఒప్పుకుంటాయి. ప్రతి వాయిదాకూ రసీదు తీసుకోండి. దీనికోసం క్రెడిట్ కార్డు మీద నగదు తీయకండి, వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది.

తొందరపడి తప్పు మనిషికి పంపేశారు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. మొదటి గంటల్లో చెబితే అవతలి ఖాతాలో డబ్బు ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. అసలు కంపెనీకి ఈ విషయం దాచకుండా ఫిర్యాదు ప్రతి పంపండి.

ఖాతాలో డబ్బు నిలిపేశారు. ఏ రాష్ట్రం, ఏ స్టేషను, ఫిర్యాదు నంబరెంత అన్నవి బ్యాంకు బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. ఆరో భాగంలో పెట్టిన ఫైలు, మెయిళ్లతో ఆ దర్యాప్తు అధికారికి రాయండి. డబ్బు కడితే ఖాతా తెరిపిస్తామంటూ ఫోన్ చేసే మధ్యవర్తులను దగ్గరకు రానీయకండి.

కంపెనీ చెప్పకుండానే ఎక్కువ కోసేసుకుంది. వచ్చే రీఫండులో సర్దుతూ 1,485 బదులు 1,650 పట్టుకున్నారనుకోండి. మీ మూడు వరుసల లెక్కను మళ్లీ పంపండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.